చెట్టు కింద పడుకున్న ఆవు

మొన్న నడుం నొప్పికి గోపన్‌పల్లి దగ్గర స్కాన్ తీయించుకోవడానికి వెళ్ళాను. నీలం బట్టల్లో ఉన్న అమ్మాయి బల్ల చూపించి, "ప్లీజ్ లే డౌన్ మేడమ్" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల కంగారుపడి, "ఏమైంది మేడమ్, చల్లగుందా?" అని అడిగింది. ఏం లేదు తల్లీ అని చెప్పి బుద్ధిగా పడుకున్నాను.

ఆ నవ్వు బల్ల ఎక్కేదాకానే ఉంది. కదలొద్దన్నారు. కదలకుండా పడుకున్న మనిషికి ఆలోచనలు తప్ప వేరే పనేముంటుంది? ఒకప్పటి మా ఆఫీసు సార్ గుర్తొచ్చారు. ఆయనే అక్కడుంటే, "లే డౌన్ కాదమ్మా, లై డౌన్. లే అంటే దేన్నో ఒకదాన్ని పెట్టాలి. ఆవిడ ఇక్కడ ఏం పెట్టాలంటావు?" అని ఆ అమ్మాయిని నిలదీసేవారు. లేదా మొహం పక్కకు తిప్పుకుని, "పోనీలే, అర్థమైందిగా, ఎలా అంటే ఏం" అని గొణిగేవారు. ఆ రెండు రకాల మాటలూ ఆయన అనగా నేను విన్నాను. మొదటిది నేను ఆఫీసులో చేరిన కొత్తల్లో, రెండోది ఆయన ఆఫీసు మానేసే ముందు. ఆయన పోయారని పాత ఆఫీసువాళ్ళెవరో ఫోనులో చెప్పారు. ఎప్పుడని అడిగితే వాళ్ళకీ సరిగ్గా తెలియదు.

అవి తొంభైల చివరి రోజులు. మాదాపూర్ బండరాళ్ళ మధ్య గుండ్రటి అద్దాల బిల్డింగు అప్పుడే లేచింది. మా ఆఫీసు దాంట్లో కాదు. దాని ఎదురు సందులో, కింద సిమెంటు దుకాణం ఉన్న ఒక మేడమీద. అయినా మా మూసాపేట బస్తీలో అమ్మ మాత్రం, "మా పిల్ల హైటెక్ సిటీల చేస్తది" అనే చెప్పుకునేది. పని ఏమిటంటే, అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక వివరాలు రాసుకోరు, మిషన్లో మాట్లాడతారు. ఆ మాటలు తీగలమీద మాకొస్తాయి. మేం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ ఆపుతూ, విన్నది విన్నట్టు టైపు కొట్టాలి. వాళ్ళు నిద్రలేచేసరికి కాగితాలు వాళ్ళ బల్లమీద ఉండాలి. మేం కొట్టినదాన్ని దిద్దే ఎడిటర్ మా సార్.

అంతకుముందు ఆయన గుంటూరు వైపు ఒక పల్లెటూరి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఆ ఉద్యోగం మానుకుని ఇక్కడికెందుకొచ్చారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చొక్కా జేబులో మాత్రం ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. తప్పు కనిపిస్తే మౌసు మీదికి కాదు, చెయ్యి ఆ సుద్దముక్క మీదికి పోయేది. దాంతో తెరమీద టక్కున ఒక చుక్క పెట్టేవారు. "సార్, మానిటర్ ఖరాబైతది" అని నేను మొత్తుకునేదాన్ని. "తుడిస్తే పోతుందిలే అమ్మాయ్, నీ తప్పు అలా పోదుగా" అనేవారు.

డాక్టర్ల గొంతులంటే ఆయనకు మహా గౌరవం. ఒక ముసలి డాక్టర్ ఉండేవాడు, గొంతు బొంగురుగా, నిదానంగా, మధ్యమధ్య దగ్గుతూ మాట్లాడేవాడు. ఆయన ఫైలు వస్తే మా సార్ కుర్చీలో నిటారుగా కూర్చుని మెడ దగ్గర గుండీ పెట్టుకునేవారు. ఒకోసారి "ఎస్ డాక్టర్" అని పైకే అనేసేవారు. మేం వెనకనుంచి మూతులు మూసుకుని నవ్వేవాళ్ళం. ఆయనకు వినపడేది కాదు, చెవుల్లో అమెరికా ఉండేది కదా.

ఆయనకు ఇంగ్లీషు మొత్తం ఒకెత్తు, లై, లే అనే రెండు క్రియలు ఒకెత్తు. కొత్తగా ఎవరు చేరినా మొదటి పరీక్ష అదే. మధ్యాహ్నం అన్నాలయ్యాక వెనక వరండాలోకి తీసుకెళ్ళేవారు. అక్కణ్ణుంచి చూస్తే ఎటుచూసినా కడుతున్న గోడలే.

"ఆ తాపీమేస్త్రీ ఏం చేస్తున్నాడమ్మా?"

"ఇటుకలు పేరుస్తుండు సార్."

"లేయింగ్ బ్రిక్స్. మరి ఆ ఇసక కుప్పమీద ఉన్నవాడు?"

"పండుకున్నడు సార్."

"పండుకున్నడా! భలే. లైయింగ్ ఆన్ ద శాండ్. ఇటుక పేర్చడానికి ఇటుక ఉండాలి, పడుకోవడానికి తన ఒళ్ళు తనకుంటే చాలు. కోడి గుడ్డు పెడుతుంది, లే. మంత్రిగారు పునాదిరాయి వేస్తారు, లే. వేటగాడు ఉచ్చు పన్నుతాడు, అదీ లే. ఇప్పుడు నిన్నటి సంగతి చెప్పు. ఇసకమీదివాడు నిన్న ఏం చేశాడు?"

"లైడ్ సార్?"

"అది అబద్ధమాడాడని. పాపం వాడు పడుకున్నాడంతే. హి లే ఆన్ ద శాండ్. అదీ చిక్కు! ఇవాళ ఇటుక పేర్చేవాడి మాటా, నిన్న పడుకున్నవాడి మాటా ఒకటే అయి కూర్చుంది. లై, లే, లెయిన్. లే, లెయిడ్, లెయిడ్. ఏదీ, అను."

వరండాలో నిలబడి ఎక్కాలు చదివినట్టు చదివేవాళ్ళం. కింద సిమెంటు దుకాణం హమాలీలు తలెత్తి చూసేవాళ్ళు. "మన భాషలో ఈ గొడవే లేదు చూడు. పడుకోవడం వేరు, పడుకోబెట్టడం వేరు. నిన్నగాక మొన్న మాటలొచ్చిన పిల్ల కూడా తప్పు పలకదు" అని ఆయన మురిసిపోయేవారు. నిజం చెప్పొద్దూ, నాకు ఇంగ్లీషు మీద భయం పోయింది ఆ వరండాలోనే. మా కాలేజీలో ఎవరూ తెలుగునుంచి ఇంగ్లీషుకి అలా చెయ్యిపట్టుకుని దాటించలేదు.

పాఠం చివర ఒక కథ చెప్పేవారు. ఆయన బళ్ళో ఒకసారి ఇన్‌స్పెక్షన్ జరిగింది. పెద్ద అధికారి తొమ్మిదో తరగతికి వచ్చి గోడమీది బొమ్మ చూపించి, ఆవు ఏం చేస్తున్నదో ఇంగ్లీషులో చెప్పమని ఒక పిల్లాణ్ణి లేపాడు. ఆవు చెట్టు కింద పడుకుని ఉంది. పిల్లాడు గట్టిగా, "ద కౌ ఈజ్ లేయింగ్ అండర్ ద ట్రీ" అన్నాడు. అధికారి పకపకా నవ్వి, "ఏం మాస్టారూ, మీ ఊళ్ళో ఆవులు గుడ్లు పెడతాయా?" అన్నాడట. సార్ ఆ అధికారి గొంతు పెట్టి ఎంత బాగా చెప్పేవారంటే మాకు నవ్వీ నవ్వీ పొట్టలు నొప్పెట్టేవి. "ఆ తర్వాత నా క్లాసులో ఆవు మళ్ళీ గుడ్డు పెట్టలేదు" అని ముగించేవారు. ఎందుకు పెట్టలేదని మాలో ఎవరమూ అడగలేదు.

ఒకరోజు నేను ఆ ముసలి డాక్టర్ ఫైలు కొడుతున్నాను. పేషెంట్ పక్కమీద హాయిగా పడుకుని ఉన్నాడని చెప్తున్నాడు. పెడల్ తొక్కి వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. సందేహం లేదు, లేయింగ్ అనే అన్నాడు. లేచి వెళ్ళి, "సార్, మీ డాక్టర్ సాబ్ ఆవు గుడ్డు పెట్టింది" అన్నాను.

నేను వేళాకోళానికే అన్నాను. ఆయన నవ్వలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నారు. మళ్ళీ విన్నారు. "పెద్దాయన, అలిసిపోయి ఉంటాడు" అన్నారు. సాయంత్రం ఇంకో డాక్టర్, ఆడమనిషి, అదే అంది. "ఈవిడ వేరే దేశంనుంచి వచ్చి స్థిరపడిందేమో" అన్నారు. తర్వాత ఆ మాట కోసమే చెవి పెట్టారు కాబోలు, రోజూ దొరికేది. పుట్టింది అమెరికాలో, చదివింది అమెరికాలో, అందరూ పెద్ద డాక్టర్లు, అందరి పేషెంట్లూ లేయింగే. సార్ అన్నింటినీ దిద్ది పంపేవారు. పంతంగా దిద్దేవారు.

మా పనిలో ఒక నియమం ఉంది. డాక్టరు నోటినుంచి ఏది వస్తే అదే కాగితం మీదికి రావాలి. మన తెలివి అక్కర్లేదు. ఆసుపత్రివాళ్ళు ఫిర్యాదు చేశారు, మా డాక్టర్ అనని మాట ఎందుకు పెడుతున్నారని. మేనేజరు సార్‌ని పిలిచాడు. సార్‌కి కొడుకయ్యే వయసువాడు, విజయవాడ అబ్బాయి, మర్యాదస్తుడే. "మనకెందుకండీ మాస్టారూ! వాళ్ళ భాష, వాళ్ళిష్టం. ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యండి" అన్నాడు.

సార్ బయటికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. "వాళ్ళ భాష, వాళ్ళిష్టం" అని రెండుమూడు సార్లు మెల్లగా అనుకున్నారు. ఆ రోజు అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

"ఏంది సార్, గీ ముచ్చటకే గింత పరేషానా? వాళ్ళు తప్పు మాట్లాడితే మీకేం ఫికర్?" అన్నాను.

అప్పుడు చెప్పారు, కథలో ఎప్పుడూ చెప్పని మిగతా సగం. ఇన్‌స్పెక్టరు జీపు ఊరు దాటకముందే ఆయన ఆ పిల్లాణ్ణి క్లాసులోకి పిలిచి కొట్టారు. బాగా కొట్టారు. వాడు ఏడుస్తూ లై, లే, లెయిన్ అనబోయి ప్రతిసారీ తప్పాడు, తప్పినప్పుడల్లా మళ్ళీ కొట్టారు. మర్నాడు వాడు బడికి రాలేదు. కొన్నాళ్ళకు తండ్రి వచ్చి స్టాఫ్ రూము గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. పిల్లాడు భయపడుతున్నాడు, మీరొక్క మాట చెబితే వస్తాడు బాబూ అన్నాడు.

"నేనేమన్నానో తెలుసామ్మా? ఆ క్రియ నేర్చుకున్నాకే రమ్మన్నాను. తోటి మాస్టర్లు వింటున్నారు కదా, కొంచెం గొంతు పెంచే అన్నాను. వాడింక రాలేదు. పొలం పన్లకు పోయాడన్నారు. నేను గొప్పగా చెప్పుకున్నానమ్మా, ఇన్నేళ్ళూ. నా దగ్గర ఇంగ్లీషంటే అలా ఉంటుందని." సుద్దముక్క జేబులోంచి తీసి బల్లమీద పెట్టారు. "ఆ మాట పుట్టిన దేశంలో ఆసుపత్రులు నడిపేవాళ్ళు రోజుకు ఇరవైసార్లు తప్పుతున్నారు. వాళ్ళనెవరూ ఏమీ చెయ్యలేదు. పల్లెటూరి పిల్లాడు ఒక్కసారి తప్పితే నేను వాడి చదువు తీసేశాను."

ఇన్నాళ్ళూ ఆ కథకు అంత పగలబడి నవ్విన నోటితో ఓదార్పు చెప్పడం సిగ్గనిపించింది.

ఆ తర్వాత ఆయన మనిషి మారిపోయారు. తప్పు చూపించాల్సి వస్తే ముందు క్షమించమ్మా అనేవారు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చునేవారు. టైపు ఎలా కొడతారు సార్ అంటే, "అవసరమైతే తీస్తాగా" అనేవారు. అప్పట్నుంచి గుంటూరు వైపునుంచి ఎవరొచ్చినా, వాచ్‌మన్ అయినా, కరెంటు పనివాడైనా, ఏ ఊరని అడిగి, ఆ పిల్లాడి పేరు చెప్పి, వెంకటేశ్వర్లు అని ఒకడు తెలుసా అనేవారు. హైదరాబాదు వెళ్ళాడని ఎవరో చెప్పారట. వెంకటేశ్వర్లు అనే పేరు పెట్టుకుని హైదరాబాదులో ఎంతమంది బతుకుతున్నారో ఆయనకు తెలియక కాదు.

వెతికిపెట్టింది నేను. మా మూసాపేటలో, బొంబాయి రోడ్డుకి కాస్త లోపల, కోస్తా వాళ్ళ టిఫిన్ బండి ఒకటుండేది. పెసరట్టు కోసం అందరూ అక్కడికే పోయేవాళ్ళం. ఒకనాడు ఊరికే ఏ ఊరన్నా అని అడిగాను. ఊరు సరిపోయింది, పేరు సరిపోయింది, ఇంగ్లీషు మాస్టారి పేరు కూడా సరిపోయింది. నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు. మర్నాడు ఆఫీసు వ్యాను దిగీ దిగగానే సార్‌కి చెప్పేశాను.

ఆయన తెల్లబోయారు. "బతికి బాగున్నాడా?" అన్నారు. బాగున్నాడు, సొంత బండి, పెళ్ళయింది, కూతురుంది అన్నాను. "నన్ను తిడతాడేమో." తిడితే తిట్టనీయండి సార్, మీకూ బరువు దిగుతది అన్నాను. ఆదివారం పొద్దున్న రమ్మన్నాను. వద్దు వద్దంటూనే ఒప్పుకున్నారు.

ఆ ఆదివారం తర్వాత ఆయన ఆఫీసులో ఎక్కువ రోజులు లేరు. మళ్ళీ నాతో దాని గురించి మాట్లాడనూ లేదు. నేను మంచే చేద్దామనుకున్నాను. కానీ తీసుకెళ్ళకపోతే ఆయన మనసుమీద ఒక్క పిల్లాడి బరువే ఉండేది. రెండోది నేను చేజేతులా ఎత్తి పెట్టాను. ఇన్నేళ్ళయినా ఆ బాధ నన్ను వదల్లేదు.

సార్ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. బండి దగ్గర జనం పలచబడేదాకా రోడ్డవతలే నిలబడ్డారు. చివరికి నేనే ముందు వెళ్ళి, "అన్నా, ఎవరొచ్చిన్రో చూడు" అన్నాను. వెంకటేశ్వర్లు అట్లకాడ పట్టుకునే తలెత్తాడు. ఒక్క క్షణం చూసి, అట్లకాడ పడేసి, బండి చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చి నడిరోడ్డు మీద ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"మాస్టారండీ! మీరేనా! ఏమేవ్, స్టూలు తుడువు. మా మాస్టారు, మా ఇంగ్లీషు మాస్టారు!"

భార్య కొంగుతో స్టూలు తుడిచింది. సార్ కూర్చోలేదు. చేతులు కట్టుకుని, ఆనాడు వెంకటేశ్వర్లు తండ్రి గుమ్మం బయట ఎలా నిలబడి ఉంటాడో అలా నిలబడ్డారు. "వెంకటేశ్వర్లూ, నీకొక మాట చెప్పుకోవాలని వచ్చానయ్యా. ఆ రోజు నేను..."

"ఏ రోజండీ?"

"ఇన్‌స్పెక్షన్ రోజు. ఆవు బొమ్మ."

"ఆవా? ఏ ఆవండీ?" వెంకటేశ్వర్లు నిజంగానే బుర్ర గోక్కున్నాడు. అతనికి ఆవు గుర్తులేదు. లై గుర్తులేదు, లే గుర్తులేదు. "కొట్టారు, అదైతే గుర్తుందండి" అని నవ్వుతూ కుడిచెయ్యి పిడికిలి బిగించి చూపించాడు. "స్కేలు నిలబెట్టి కణుపుల మీద కొట్టేవోరు కదా. ఈ కణుపు ఇప్పటికీ ముసురు పడితే లాగుద్దండి." అందులో కోపం లేదు. ఊరి జాతరలో తగిలిన దెబ్బ చూపించుకుంటున్నంత సరదాగా చూపించాడు.

"తప్పు చేశానయ్యా" అన్నారు సార్.

"ఊరుకోండి మాస్టారూ, పెద్ద మాటలు! మీరు కొట్టబట్టేగా ఇంగ్లీషంటే ఆషామాషీ కాదని తెలిసింది. నాకెలాగూ అబ్బలేదు. దీనికన్నా రావాలని ఇంగ్లీషు మీడియంలో వేశాను." బండి వెనక గ్లాసులు కడుగుతున్న పాపను పిలిచాడు. "అమ్మలూ, ఇటు రా. నాకు చదువు చెప్పిన మాస్టారు."

ఏడెనిమిదేళ్ళుంటాయి. రెండు జడలు, తడి గౌను. గ్లాసు కింద పెట్టి వచ్చింది. సార్ ఆ పిల్ల ఎత్తుకి వంగారు. ఆయన మొహంలో చాలా రోజుల తర్వాత నవ్వు చూశాను. మెత్తగా, "వాట్ ఈజ్ యువర్ నేమ్, మై చైల్డ్?" అన్నారు.

పాప పేరు చెప్పలేదు. కుడిచెయ్యి చాపింది. పిడికిలి బిగించి, కణుపులు పైకి తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

వెంకటేశ్వర్లు పెద్దగా నవ్వాడు. "ఇంగ్లీషు వినపడితే చాలండి, చెయ్యి అదే వచ్చేసుద్ది. మీ పద్ధతేనండి మాస్టారూ, నేనేం మార్చలేదు."

పెనం మీద అట్టు మాడుతోంది. ఎవరూ తీయలేదు. "చెయ్యి దించు తల్లీ, సార్ ఏమనరు" అన్నాను నేను. పాప నా మాట వినలేదు. కాసేపటికి సార్ ఆ పిడికిలిని రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, మెల్లగా కిందికి దించారు.

ఆ చేతి వంతు అయిపోయిందనుకుంది పాప. కళ్ళు మూసుకునే ఎడమచెయ్యి చాపింది.